అడ్డరాయి

సెల్ఫ్ పట్టదు గనుక
పదకొండేండ్లు దాన్ని వాలు మీదనే ఆపిన.
సిరొంచల మా ఇంటి ముందట నేల చదును,
అందుకే అది ఎన్నడూ మా ఇంటి ముందట పండుకోలేదు.
ప్రాణహిత రేవుకు దిగే తొవ్వ మొదట్ల
పోస్టాఫీసు గోడ పక్క,
ముక్కు నది దిక్కు పెట్టి,
ముందు టైరు కింద ఒక రాయి.

పొద్దున రాయి గుంజితే చాలు.
నాలుగు గజాలు దొర్లినంక
రెండో గేరుల క్లచ్చి వదిలితే
ఒక దగ్గు, ఇంకో దగ్గు,
ఆ తర్వాత పోస్టాఫీసు కిటికీలన్నీ గజగజ.
పోస్టుమాస్తరు భాలేరావు మరాఠీల తిట్టేటోడు,
నేను తెలుగుల దండం పెట్టేటోణ్ణి.

రాయి పని తలండి జూరుది.
పదమూడేండ్ల పోరడు, గోండు గూడెం నుంచి వచ్చిండు.
ఆల్లాపల్లి తొవ్వల ఎక్కుడు మీద బండి ఎనక్కి జారితే
రాయి కడుపుకు పట్టుకొని ఉరికేటోడు.
ఒకసారి రాయికీ టైరుకూ నడుమ వేలు పడ్డది.
ఇప్పుడు వాడు అహేరి డిపోల కండక్టరు.
టికెటు చింపుతుంటే చూసిన,
ఆ గోరు ఇంకా నల్లగనే ఉన్నది.

ఏమేమి మోసింది?
బల్లార్షా మిల్లుకు వెదురు.
ఎండకాలం తునికాకు సంచులు.
మిర్చి మోసిన ఏడు
నెల దాకా కేబిన్ల ఎవరు కూసున్నా తుమ్ముడే,
పోలీసాయన కాయితాలు అడగబోయి
తుమ్మి తుమ్మి, పో పొమ్మన్నడు.

గడ్చిరోలిల ఫిట్‌నెస్ ఇయ్యమన్నరు.
సాబు బండి చుట్టు గూడ తిరగలేదు.
మరాఠీల ఒక్కటే మాట: ఝాలం.
అయిపోయింది అనుటానికి
వాళ్ల దగ్గర ఎంత చిన్న మాట ఉన్నది!

చాందా నుంచి తుక్కు శేఠు వచ్చిండు.
కాంటా మీదికి ఎక్కియ్యమన్నడు.
అక్కడ వాలు లేదు.
ఎనిమిది మందిమి నూకినం.

ఎన్ని కాంటాలు ఎక్కిందో అది!
ప్రతిసారీ ముందు దాని బరువు రాసి,
ఆనక దాన్ని తీసేసి
సరుకు బరువే బిల్లుల ఏసేటోళ్లు.
పదకొండేండ్లు అది తీసివేతల లెక్క.
ఆ దినం మొదటిసారి
దాని బరువు దానికే రాసిండ్రు.
నేను చీటీ తీసుకున్న,
చదువలేదు. జేబుల పెట్టుకున్న.
అంగి ఉతుకంగ ఎంకుబాయికి దొరికింది,
ముద్దయి.

కొత్తది నీలం.
తాళం తిప్పితే ఒక్క సప్పుడు లేకుంట లేస్తది.
బెల్టు పెట్టకుంటే గునుస్తది.
ఎంకుబాయి కేబిన్ల కూసొని
ఇల్లు కన్నా ఇదే సల్లగున్నదన్నది,
ఇంక దిగ బుద్ధి పుట్టలేదు ఆమెకు.
నెలకు నలభై ఒక్క వెయ్యి, ఐదో తారీఖు.

మొదటి రాత్రి ఇంటి ముందటనే పెట్టిన.
తలుపు తీస్తే బండి, కిటికీల నుంచి బండి.
నిద్ర పట్టలేదు.
నడిజామున తీస్కపోయి
రేవు తొవ్వల, ముక్కు నది దిక్కు పెట్టిన.
రాయి అక్కడనే ఉన్నది, ఎవరికి కావాలె?
టైరు కింద పెట్టిన.

తెల్లారి భాలేరావు బయటికి వచ్చిండు,
చేతిల పళ్ల పుల్ల.
"గాడీ కుఠే?" అన్నడు.
నీలందాన్ని చూపిన.
దాన్ని కాదు, అన్నడు.
ఏడు కొట్టిందని నాకెట్ల తెలుస్తదిప్పుడు?

రాయి గుంజిన.
బండి దొర్లలేదు.
గాలి బ్రేకు పట్టుకొని
నేను చెప్పేదాక అట్లనే నిలబడ్డది,
వాలు సంగతే తెల్వనట్టు.

రాయిని సీటు ఎనుక ఏసుకున్న.
వెదురు లోడున్నది, పొద్దెక్కకముందే పోవాలె.