తలుపు కింద చెక్కముక్క

హల్ నగరంలో, నదిగాలి తగిలే వీధి చివర
ఎర్ర తలుపుల అగ్నిమాపక కేంద్రం.
నా పని చిన్నది.
గాలిని కొలిచే పెట్టెను ఓ మూల పెట్టి
నాలుగు రోజులు మరిచిపోవడం.

ఎక్కడ పెట్టను? అంటే
"మంటల దగ్గర పెట్టు తల్లీ, ఇక్కడేముంది" అని నవ్వాడు థాక్రే,
ఇరవై ఏడేళ్ళుగా ఈ కప్పు కిందే టీ తాగుతున్నవాడు.

వంటగదిలో పెట్టాను, ఫ్రిజ్ మీద.
దాని నెత్తిన వేలు గీస్తే
వేలికి కాటుకంటింది.
ఏ కంటికీ పనికిరాని కాటుక.

వంటగదికీ ఇంజన్ల షెడ్డుకీ మధ్య తలుపు
ఎప్పుడూ బార్లా.
కింద ఒక చెక్కముక్క, బూట్లు తగిలి తగిలి నున్నబడింది.
గంట మోగితే తలుపు తీసేందుకు అరక్షణం దండగని
ఎవరో ఎప్పుడో పెట్టారట.
ఆ అరక్షణంలో ఒక పసిబిడ్డ బతకొచ్చు.
కాదనడానికి నాకు నోరు రాలేదు.

మూడో రోజు తెల్లవారుజామున గంట.
రెండు ఇంజన్లూ దగ్గి, గర్జించి, వెళ్ళిపోయాయి.
వాటి డీజిల్ పొగ మాత్రం వెళ్ళలేదు.
తెరిచిన తలుపులోంచి తొందరేం లేకుండా వచ్చి
సగం తాగిన కప్పుల్లోకి తొంగిచూసి
మెట్లెక్కి
దులపని దుప్పట్ల మీద పడుకుంది.

కాలే ఇంట్లోకి వెళ్తే
ముఖానికి మాస్కు, వీపున గాలి సిలిండరు.
అవన్నీ విప్పేసి
హమ్మయ్య అని గుండెల నిండా పీల్చేది
ఇక్కడే.

నిప్పులేనిదే పొగ రాదంటారు.
ఇక్కడ నిప్పు ఎప్పుడో ఆరింది, ఊరవతల.

కాగితం హేజెల్ చేతిలో పెట్టాను.
అంకెలకు మసిపూసి మారేడుకాయ చేయడం రాదు.
ఆమె చదివి, కొక్కేనికి వేలాడే ఒక కప్పు వైపు చూసింది.
దాని మీద పేరు: నోరిస్.
"సిగరెట్టు ముట్టలేదు వాడు" అంది.
ఇంకేమీ అనలేదు.

చలికాలం దాటాక మళ్ళీ వెళ్ళాను.
ఇంజను వెనక పొగగొట్టానికి పసుపుపచ్చ గొట్టం,
పొదుగు వదలని దూడలా
గేటు దాకా వెంటపడి అప్పుడు వదిలేస్తుంది.
మంటల్లో తిరిగిన కోట్లకు వేరే గది, వేరే గాలి.
తలుపు దానంతటదే మూసుకుంటుంది.
భుజంతో తోస్తే చాలు. గడియారం పట్టుకుని
పన్నెండుసార్లు పరుగెత్తి చూసుకున్నారట, పసిబిడ్డ కోసం.

థాక్రే హెల్మెట్ మాత్రం కడగనివ్వలేదు.
"ఈ నలుపు పోతే నా ఇరవై ఏడేళ్ళేవి?"
సంచిలో పెట్టి మూతి బిగించాడు. అంతవరకే.

నాకు టీ పోశాడు.
బల్ల కుంటడం లేదు ఈసారి.
వంగి చూశాను:
పొట్టికాలు కింద
నున్నబడిన చెక్కముక్క.