ఎర్ర రంగు డబ్బా

హుస్సేనీ ఆలం గల్లీలో
ఎర్ర రంగు డబ్బా మూత తీయకుండా నిలబడ్డాను.

దూలంలోకి స్క్రూడ్రైవర్ గుచ్చితే
నానిన రొట్టెలోకి దిగినట్టు దిగింది.
పక్కనే గోడకు గుచ్చితే
మొన వంగింది.
బెల్లం, కరక్కాయ కలిపి దంచిన సున్నం,
నా ఉద్యోగం కన్నా గట్టిది.

ఫారంలో రెండే గళ్లు:
కూల్చాలి. ఉంచాలి.

"ఫోటోలు తీసేటోళ్లు మస్తుగొస్తరు బేటా,
వానకాలం ఒక్కడూ రాడు"
అంది కమరున్నీసా,
మంచం మీది టార్పాలిన్ చూపిస్తూ.
కమాను రంగుటద్దంలోంచి ఎండ
ఆమె తెల్లజుట్టును కాసేపు ఆకుపచ్చ చేసి
జరిగిపోయింది.

నిరుడు ధూల్‌పేటలో 'ఉంచాలి' అని రాశాను.
ఆషాఢం రెండో వానకు
ఆ గోడ ఎవరి నిద్ర మీద పడిందో
ఫైల్లో ఉంది. పేరు పైకి అనలేను.

అంతకు ముందేడు 'శిథిలం' అని నేను రాసిన గోడకే
జేసీబీ పళ్లు రెండు విరిగాయి.
ఇప్పుడక్కడ సెల్లార్ పార్కింగు.

"మీరైతే ఏం రాస్తరమ్మా?"

ఆమె నా చేతిలోని స్క్రూడ్రైవర్ తీసుకుంది.
వంగిన మొనతోనే
వదులైన కిటికీ బందు బిగించి
తిరిగిచ్చింది.

వానలకింకా పదకొండు రోజులు.
మూత కింద రంగు
గడ్డకడుతోంది.