ముప్పై ఏడో మనిషి

కాయితాల బొత్తి సంకనెట్టుకొని
జోళ్లిప్పి సేత పట్టుకొని
పెదజాలారిపేట ఇసకలోకి వొచ్చింది మొదటిసారి.
యూనివర్సిటీలో ఆడోళ్ల గురించి సదువు సెప్తాదంట,
పేరు గొంప ఇందుమతి.
ఆడోళ్ల గురించి సదవడానికేటుంటాదమ్మా, అని నవ్వినాను.
ఆయమ్మ నవ్వనేదు. రాసుకున్నాది.

ఎన్నింటికి లెగుస్తావని అడిగింది.
పడవ ఎన్నింటికొస్తే అన్నింటికి.
ఎన్ని గంటలు పని సేస్తావని అడిగింది.
సముద్రానికి గంటలుంటాయేటి?
అప్పుడు నా ఎనకే తిరిగింది మూడ్రోజులు,
సేతి గడియారం సూసుకుంటా.
హార్బర్లో ఏలంపాట కాడ నిలబడింది,
గంపలోంచి నా జబ్బ మీద కారే ఐసు నీళ్లు సూసింది,
పెదవాల్తేరు సందుల్లో నా కేక ఎనకాల నడిసింది.
మూడో రేతిరి దీపం కాడ కూకోని కూడింది:
పదారు గంటలు, ఇరవై నిమిసాలు.
ఆ ఇరవై నిమిసాలు నాకు బాగా నచ్చినాయి.
అంత సిల్లర ఎవులు లెక్కెడతారు మరి.

పుస్తకం అచ్చయినాక తెచ్చి సూపించింది.
నా కూతురు సదివింది:
"ముప్పై ఏడో మనిషి ఇలా చెప్పింది."
నా పేరేదమ్మా?
పేరు రాస్తే నీకే ఇబ్బందన్నాది.
ఎవుల్తో ఇబ్బంది? నా మొగుడికి సదువు రాదు.

తొమ్మిదేళ్లకి మళ్లీ వొచ్చింది.
ఈసారి జోళ్లిప్పనేదు.
ఎనక జెండాలు, డప్పులు,
బంతిపూల దండ బరువుకి మెడ వొంగిపోయి.
కార్పొరేటరుగా నిలబడ్డానన్నాది.
"రాసి రాసి చేతులు నొప్పెట్టాయి పోలమ్మా,
ఒక్క కుళాయి రాలేదు."
అయితే ఈసారి నానడుగుతాను, సెప్పు.
నువ్వెన్నింటికి లెగుస్తావు?
మీ ఇంట్లో వొండేదెవులు?
డప్పులోడు ఆపీసినాడు.
"మా అమ్మ" అన్నాది సాలాసేపటికి.
ఎన్ని గంటలు?
ఆయమ్మ కాడ లెక్క నేదు.

ఓటేసినాను. అబద్దం ఆడనేదు గదా.

గెలిసింది.
మొదటి మీటింగుకి నన్ను తీసుకెళ్లి ఎనక బల్ల మీద కూకోబెట్టింది.
హార్బర్లో ఆడోళ్లకి మరుగుదొడ్డి నేదని నిలబడి సెప్పింది,
పదారు గంటల లెక్క సెప్పింది, ఇరవై నిమిసాల్తో సహా.
"ఇది క్లాసు కాదమ్మా" అన్నాడెవుడో. అందరూ నవ్వినారు.
నాను బజారు మనిషిని, నవ్వుల్లో రకాలు తెలుసు.
మరుగుదొడ్డి మాత్రం వొచ్చింది. రెండేళ్లకి.
గొళ్లెం నేకుండా.
గొళ్లేనికి ఇంకో అర్జీ.

తరవాత తీరం అందం సేస్తామన్నారు.
నెత్తళ్లు ఎండేసుకునే ఇసక మీద రాళ్లు పరిసి,
కుర్సీలేసి, రంగు లైట్లెట్టినారు.
సరేనని సెయ్యెత్తినోళ్ల ఫొటో పేపర్లో వొచ్చింది.
మొకం అగుపడనేదు,
గడియారాన్ని బట్టి గురుతుపట్టినాను.

ఆఫీసుకెళ్తే టోకెనిచ్చినారు.
అప్పుడు ముప్పై ఏడు. ఇప్పుడు పదకొండు.
బీరువా మీద ఆయమ్మ పుస్తకం,
దాని మీద సన్మానాల సాలువాలు.
"పార్టీ మాట పోలమ్మా" అన్నాది.
నా మొగుడూ అంతే అంటాడు, మా అన్న మాట, కులపెద్దల మాట.
ఎవుడి మాటో ఒకటి నానుతుంటాది మన నోట్లో.
తిట్టడానికి అన్నేదు నాను.
ఆయమ్మ లెగిసి ఫేను కట్టేసింది,
సెమట కారతా అలా కూకున్నాది.

ఆ తరవాత మీటింగులో ఏటో సెప్పిందంట,
మైకు ఆపీసినారంట.
మళ్లీ టికెట్టియ్యనేదు.

ఇప్పుడు మద్దిలపాలెంలో బస్సు దిగి
మళ్లీ సదువు సెప్పడానికెల్తాది.
ఆదివారం నా గంప కాడకొస్తాది.
ఇన్నేళ్లూ ఎంత సెప్తే అంతిచ్చేది,
దానం సేసినట్టు. నాకు సిగ్గేసేది.
మొన్న కానాగంత మొప్ప ఎత్తి సూసి
"నిన్నటిది కదా ఇది. పోగు నూటయాభైకి నేను తీసుకోను" అన్నాది.
నిన్నటిదే.
నీకేటి తెలుసమ్మా సేపల సంగతి, అన్నాను ఊరికే.
"మూడేళ్లయి నేనే వండుతున్నాను, నాకు తెలీదా?"

నూటఇరవైకి తెగింది.
కోసిమ్మని అడగనేదు.