పట్టుకునే పని

కట్లు విప్పే గదిలో నా పేరు పెంచలమ్మ కాదు,
"కాళ్లు పట్టుకో".
పద్దెనిమిదేళ్లలో డాక్టర్లు మారారు, గోడల రంగు మారింది,
ఎగ్మూరు స్టేషన్లో రైళ్ల వేళలు మారాయి,
ఈ పేరు మారలేదు.

తొడకు అంటుకుపోయిన గాజుగుడ్డను
సెలైన్‌తో తడిపి తడిపి నర్సు లాగుతుంటే
రెండు మోకాళ్లూ మంచానికేసి అదిమిపెట్టాలి.
అదీ ఉద్యోగం.
తల్లులు బయట తలుపుకి చెవి ఆనించేవాళ్లు,
కొందరు ఆనించలేక మెట్ల దాకా వెళ్లిపోయేవాళ్లు.
లోపల నేను అబద్ధాలాడేదాన్ని.
చీమ కుట్టినట్టుంటుంది కన్నా.
ఇదే ఆఖరు, అయిపోయింది, అయిపోయింది.
తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి.
ఏ భాషలోనూ ఏ బిడ్డా నమ్మలేదు.

వరదలొచ్చిన ఏడు ఒక పిల్లాడు
నా మణికట్టు కొరికాడు. మచ్చ ఇంకా ఉంది.
వాడి పేరు మర్చిపోయాను, పళ్లు గుర్తున్నాయి.
ముందుది ఒకటి అప్పుడే ఊడింది.

మొన్న ఆడి మాసంలో ఒక అట్టపెట్టె వచ్చింది.
కళ్లద్దాలన్నారు గానీ
గానుగెద్దుకి కట్టే గంతల్లా ఉన్నాయి.
"ఇవి పెడితే పిల్లలకి నొప్పి తెలీదు" అన్నాడు తెచ్చిన కుర్రాడు.
"తెలీదా?" అన్నాను.
కాస్త ఆలోచించి
"తక్కువ తెలుస్తుంది" అన్నాడు.
ఆ ఒక్క మాటకి వాణ్ణి నమ్మాను.

మొదట పెట్టింది కయల్విళికి. ఆరేళ్లు. పొయ్యి మీది రసం.
చేపకళ్ల పిల్ల అని ఆ పేరుకర్థం.
గంతల లోపల సముద్రమట.
నర్సు పట్టుకారు తీసింది,
అలవాటుగా మోకాళ్ల మీద చేతులు వేశాను.
మోకాళ్లు ఎదురు తిరగలేదు.
పిల్ల చెయ్యి చాపి గాల్లో దేన్నో నిమిరింది.
"అక్కా, తాబేలు!"
కింద గుడ్డ ఊడివస్తోంది, పచ్చి ఎరుపు.
పైన తాబేలు.
ఒకసారి మూలిగింది, ఒకసారి కాలివేళ్లు ముడుచుకుంది,
అంతే.
ఈసారి తల్లిని లోపలికి రానిచ్చారు.
ఆవిడకి గంతల్లేవు. ఆవిడ అంతా చూసింది.
నేను ఖాళీ చేతుల్ని ఏం చేసుకోవాలో తోచక
కొంగుకి తుడుచుకుంటూ నిలబడ్డాను.

సగంలో ఛార్జింగ్ అయిపోయింది.
"చీకటైంది అక్కా. చేపలేవీ?"
నర్సు నావైపు చూసింది. ఇంకా జానెడు గుడ్డ ఉంది.
కాశిమేడులో కాపురమే గానీ
సముద్రంలో మోకాలి లోతు దాటి ఎరగను.
నాకు తెలిసిన చేపలన్నీ బుట్టలో చచ్చినవే.
అయినా మొదలెట్టాను.
అదుగో వంజరం, వెండి జరీ కోక కట్టి పెళ్లికి పోతోంది,
వెనకాల నెత్తళ్లు, బడి వదిలినట్టు,
ఎర్ర శంకరా మీనుకి కోపమొచ్చింది,
దాని వంతు దోసె ఎవరో తినేశారు.
నోటికొచ్చింది చెప్పాను.
కొంత ఏడ్చింది, కొంత నవ్వింది,
రెండూ కలిసిపోయిన చోట
నర్సు చివరి ముక్క లాగేసింది.

నా నోరే గొప్పదని చెప్పడం లేదు.
మర్నాడు రాగానే ఆ పిల్ల అడిగింది నన్ను కాదు, గంతల్ని.
"ఛార్జింగ్ ఉందా?" అని కూడా అడిగింది.
ఉంది. రాత్రి ఇంటికెళ్లే ముందు
పాలకు తోడు వేసినట్టు
నేనే తీగ తగిలించి వెళ్లాను.

ఇవాళ డ్యూటీ దిగేముందు
వాటిని స్పిరిట్‌తో తుడుస్తూ తుడుస్తూ
తలుపు దగ్గరగా వేసి, నేనూ పెట్టుకున్నాను.
నిజమే. నీలం.
తలెత్తితే నీళ్ల కప్పు, దాని మీద ఎండ.
తాబేలు ముక్కు దాకా వచ్చింది.
పట్టుకుందామని చూస్తే
అక్కడ నాకు చేతుల్లేవు.
ఎత్తాను, తిప్పాను, మొహం ముందు ఆడించాను,
నీళ్లే.

బయట ఎవరో "పెంచలమ్మా" అని పిలిచారు.
కాసేపు పలకలేదు.