ఎనిమిది పాయింట్ రెండు

నేను గాలి లెక్కలు రాసేటోన్ని.
చిట్యాల దాటినంక హైవేకు ఎడమ పక్క,
బత్తాయి తోటల నడుమ లేచిన
నీలి రేకుల ఫ్యాక్టరీల రాత్రి షిఫ్టు నాది.

గంటకోసారి టార్చి పట్టుకొని మెట్లెక్కాలె.
స్క్రబ్బర్ తొట్టిల కాస్టిక్ ఎంతుందో చూడాలె.
బ్లోయర్ మీద అరచెయ్యి పెట్టి
కొట్టుకుంటున్నదా లేదా చూడాలె.
దిగొచ్చి రాయాలె:
టైము. పీహెచ్. ఫ్లో. సంతకం.

చేరిన మొదటి రాత్రే ఇన్నారెడ్డి సార్
పాత రిజిస్టరు తెచ్చి ముంగటేసిండు.
"గిట్లనే రాయి."
ఎనిమిది పాయింట్ రెండు.
ఎనిమిది పాయింట్ రెండు.
రోహిణి ఎండకు, ముసురుకు,
కరెంటు పోయి జనరేటర్ దగ్గిన రాత్రికి గూడ
ఎనిమిది పాయింట్ రెండు.
నాలుగేండ్లల్ల ఆ యంత్రానికి
ఒక్కనాడూ ఒళ్లు వెచ్చబడలే.

రాసిన.
బండి కిస్తీ ఐదో తారీఖు.
రాసిన.

నిండిన రిజిస్టర్లు ఐదేండ్లు దాచాలెనని రూలు.
స్టోర్ వెనక ఇనుప బీరువాల
అట్ట మీద అట్ట, తాడుతోటి కట్టి పెడ్తరు.
చెదలు గూడ ముట్టలే వాటిని.

మొన్న బోర్డు నుంచి సార్ వచ్చిండు.
పేజీలు తిరగేసిండు, వేలు తడి చేసుకుంట.
"రాత బాగుంది, ఎవరిది?" అన్నడు.
తలొంచుకున్న.
చాయ్ తాగి పోయిండు.

ఆ చాయ్‌ల పాలు గుండెబోయిన సైదమ్మవి.
తెల్లారగట్ల ఐదింటికి
టీవీఎస్ మీద రెండు క్యాన్లు, కొంగుల నోట్‌బుక్కు.
క్యాంటీనోడు నెల లెక్కల మోసం జేసిండని
నా దగ్గరికొచ్చింది, అంకెల మనిషినని.
కూడుతున్న.
గీతలు లీటర్లు. సగం గీతలు అర లీటర్లు.
నడుమ నడుమ సున్నాలు,
కొన్ని ఖాళీవి, కొన్ని నల్లగ నింపినవి.

"ఇవేంది పెద్దమ్మా?"

"గవి మీ కంపు దినాలు బిడ్డా.
బర్రెలు కుడితి ముట్టక మూతి తిప్పుకున్న రాత్రులు.
నింపినవి మా మనుమడు దగ్గి దగ్గి
కూసున్న కాడ్నే తెల్లార్చినవి."

నీళ్లను సీసాల నింపి నింపి
ల్యాబులకు పంపి అలిసిన జిల్లా మాది.
గాలిని ఏ సీసాల పంపుతం?
సైదమ్మ సున్నాల పంపింది.

ఆ రాత్రి రిజిస్టరు పక్కన ఆ నోట్‌బుక్కు పెట్టి
తారీఖుకు తారీఖు కలిపి చూసిన.
ఆమె సున్నా, నా ఎనిమిది పాయింట్ రెండు.
ఆమె నల్ల సున్నా, నా ఎనిమిది పాయింట్ రెండు.
స్టోర్ స్లిప్పులు తీసిన.
ఆషాఢంల పద్దెనిమిది దినాలు
కాస్టిక్ డ్రమ్ము ఒక్కటి గూడ కదలలే.
అక్షరం రాని మనిషి తప్పులేకుండ రాసింది.
డిప్లొమా చదివిన నేను
ముత్యాల్లాంటి చేతిరాతతోటి.

రెండూ పదికి మెట్లెక్కిన.
బ్లోయర్ చల్లగున్నది.
పైన చిమ్నీ మూతి కాడ
తెల్లటి పొర ఒకటి, తొందర లేకుండ,
తోటల దిక్కు వంగుతున్నది.
కళ్లు మండినయి. పట్టీ ముంచి చూసిన.

దిగొచ్చి రాసిన:
2:10. ఐదు పాయింట్ ఒకటి. బ్లోయర్ బంద్.
పొట్టి సంతకం గాదు,
ఇంటిపేరుతోటి పూర్తి పేరు.
నాలుగేండ్ల పేజీల్ల గదొక్కటే వంకర అంకె,
చెయ్యి వణికింది మరి.

పొద్దుగాల ఆ పేజీ ఉంటదో,
ఇన్నారెడ్డి సార్ డ్రాయర్ల వైట్‌నర్ సీసా ఉంటదో
నాకు తెల్వదు.
అందుకే ఐదింటికి గేటు కాడ నిలవడి
సైదమ్మ నోట్‌బుక్కు అడిగి తీసుకున్న.
ఆమె గీసే కంటె ముందే సున్నా గీసిన.
దాని పక్కన టైము, అంకె.

"ఐదేండ్లు దాచు పెద్దమ్మా."

"ఐదేండ్లేంది, బర్రె ఉన్నన్ని దినాలు దాస్త."
క్యాను మూత తీసింది, కొలగిన్నె ముంచింది.
"సున్నాలు తర్వాత గీద్దువు గానీ,
ముందుగాల పాలు రాయి.
ఇరవై కాదు ఇయ్యాల,
పదకొండున్నర."