వంద మిల్లీమీటర్లు

క్లోంకరీలో మార్చి ఎండకి
మోటెల్ బల్ల మీద నా ప్లాస్టిక్ స్కేలు కూడా కాస్త వంగింది.

ఇరవై మూడు ఫారాలు. ఒక్కోదాంట్లో పన్నెండు సంగతులు,
ఒక్కో సంగతి కింద వంద మిల్లీమీటర్ల గీత.
ఎడమ కొసన "ముప్పేమీ లేదు",
కుడి కొసన "ఇంతకు మించిన ముప్పు లేదు".
నడుమ ఎక్కడో పెన్సిల్‌తో అడ్డంగా ఓ గాటు పెట్టమంటాను.
పగలు పైలట్లని అడుక్కోవడం,
రాత్రి వాళ్ళ గాట్లని కొలుచుకోవడం.
దీనికి నాకు జీతమిస్తారు.

కేలమ్ బ్రీన్, లైసెన్సు చేతికొచ్చి ఎనిమిది నెలలు,
అన్నిటికీ డెబ్బై దాటించాడు.
పెట్టి, చెరిపి, మళ్ళీ పెట్టి
జవాబు నా మొహం మీద రాసుందేమోనని చూశాడు.

డెనీస్ ఓక్లీ రోగుల విమానం నడుపుతుంది.
"రాత్రా, పగలా? రన్‌వే మీద కంగారూలున్నాయా?
వెనకాల పడుకున్నది ముసలాయనా, నెలల పిల్లా?
అవేవీ చెప్పకుండా ఎక్కడని పెట్టను?"
అంచుల నిండా రాసి ఇచ్చింది.
నా స్కేలుకి అంచులు చదవడం రాదు.

మెర్వ్ ట్రాంటర్ అన్నీ ఒక్క నిమిషంలో ముగించాడు.
ముప్ఫై ఆరేళ్ళుగా హెలికాప్టర్‌తో పశువులు తోలుతున్నాడు,
చెట్ల తలల కిందికి దిగి, ఎద్దుల కళ్ళలోకి చూస్తూ.
మూడు, ఐదు, మూడు, రెండు.
ఓ చోట సున్నాకి కూడా ఇవతల, గీత బయట.
"ఇదేంటి?" అన్నాను.
"అది పని, అమ్మాయ్."
పదకొండోది మాత్రం,
తక్కువ ఎత్తులో కరెంటు తీగ అన్నది,
అక్కడా నాలుగు మిల్లీమీటర్లే,
కానీ పెన్సిల్ కాగితాన్ని చీల్చి
కింది కాగితంలోకి దిగింది.

"ఇప్పుడు నువ్వు పెట్టు. తర్వాత ఎక్కు."
పెట్టాను. ఎనభై ఒకటి.

ఎక్కాను.
తలుపుల్లేవు. పాదాల కింద నేలంతా ఎర్రగా,
చెదపుట్టలు, ఎండిన వాగు,
ఒలకబోసిన ఉలవల్లా పశువులు.
అతను మోచేత్తో ఆకాశాన్ని పక్కకి నెట్టినట్టు తిప్పితే
నా పొట్ట కాస్త ఆలస్యంగా వెంట వచ్చింది.
ఒక చోట గడ్డం ఎత్తి చూపించాడు. తీగ.
సూర్యుడు పక్కకి తప్పుకున్నాక గానీ కనబడలేదు నాకు.
అది దాటేదాకా మాట్లాడలేదు,
దాటాక కూడా కాసేపు.

దిగి, బానెట్ మీద పెట్టుకుని మళ్ళీ గీశాను.
ముప్ఫై నాలుగు.

నలభై ఏడు మిల్లీమీటర్లు ఎక్కడికి పోయాయి?
తీగ అక్కడే ఉంది, గాలి తగ్గలేదు,
నేనేం నేర్చుకోలేదు.
ఒక్కసారి ఏమీ కాకపోయేసరికి
నా చెయ్యి అంత దూరం ఎడమకి జరిగింది.
ముప్ఫై ఆరేళ్ళు ఏమీ కాకపోతే
మరి గీత దాటి బయటికే పోతుంది.

ముప్పు అంటాం, ఇంకా రాకముందు.
గండం మాత్రం గడిచాకే నోటికొస్తుంది.
మా అమ్మమ్మ ఆ మాట అని, గుప్పెడు ఉప్పు తిప్పి
నీళ్ళలో పడేసేది.
గడవనివాళ్ళు ఏ మాట అంటారో
ఏ ఫారంలోనూ రాయించలేం.

రాత్రి పదకొండున్నర. లెక్కలు ఎక్కిస్తున్నాను.
ట్రాంటర్, పదకొండో ప్రశ్న: నాలుగు.
పట్టికలో లోతుకి గడి లేదు.
చినుగులోంచి చిటికెన వేలి కొస దూరుతోంది.
వెనకవైపు "ఇంకేమైనా చెప్పదలిస్తే" అన్న చోట
ఓ పేరు రాసి, కొట్టేసి ఉంది.
దీపం కింద పెట్టి చూడబోయి,
మానేశాను.

రేపు మౌంట్ ఐసా.
దారిలో ఓ స్కేలు కొనాలి,
ఉక్కుది.