రెండొందల ఏడో వరస

సిరోంచ ఆసుపత్రి వెనక గది.
కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ
కంప్యూటర్ కన్నా ముందు గోడమీది బల్లి మేలుకుంటుంది.

రాత్రి దోమతెరలో పడుకున్నారా?
నాలుగు వందల పన్నెండు ఇళ్లు.
అవునంటే ఒకటి, కాదంటే సున్నా.
మరాఠీలో అచ్చేసిన ప్రశ్న
గడప దగ్గర తెలుగైంది,
వాగు దాటాక గోండీ అయింది,
నా దగ్గరికొచ్చేసరికి ఉత్త అంకె.

నిన్న సగటు తీస్తే ఒకటి పాయింట్ ఆరు.
మొదట నవ్వొచ్చింది, తర్వాత చెమట పట్టింది.
ఒక మనిషి ఒకసారి కన్నా ఎక్కువ అవునంటాడా?
వర్గాలుగా చదివినవాటిని సంఖ్యలు చెయ్యమన్నాను,
ప్రోగ్రాం తన వరస నంబర్లు తాను వేసుకుంది:
సున్నా ఒకటైంది, ఒకటి రెండైంది.
తెర లేనివాళ్లంతా
రాత్రికి రాత్రే తెర కిందికొచ్చేశారు.

అందరిలోంచీ ఒకటి తీసేశాను.
సున్నాలు మళ్లీ దోమల్లోకి పోయాయి.

మిగిలింది రెండొందల ఏడో వరస.
అంకీసా, దుర్గం లచ్చుబాయి.
కాగితం అంచున కమలి పెన్సిల్ రాత:
"నడిజాము దాంక తెరలనే పన్నదట.
గప్పుడు మేక ఈనింది.
చలికి వణుకుతాందని పిల్ల మీద కప్పిందట."

ఫోన్ చేస్తే కమలి విసుక్కుంది:
"ఏదో ఒకటి వెయ్యి సార్."

ఏదో ఒకటి అంటే
ఒకటేనా?

సున్నా వేస్తే అబద్ధం.
ఒకటేస్తే మేకపిల్లకి అన్యాయం.
ఖాళీగా వదిలితే
లచ్చుబాయి సగటులోంచే జారిపోతుంది,
అసలు ఆ రాత్రి నిద్రపోనట్టు.

ఐదున్నరకి గడ్చిరోలికి పంపాలి.
ఆ గడిలో కర్సర్
ఉంటోంది, పోతోంది,
ఉంటోంది.